మంచుపెట్టెలో పొగచేప

ఒంటిగా తినే మనిషికి చేపముల్లు గొంతులో గుచ్చుకుంటే వీపు మీద చరిచే దిక్కుండదు. అందుకే నేను ముళ్ళన్నీ ముందే ఏరి ఆకు అంచున పెట్టి, ఆ తర్వాతే ముక్క నోట్లో పెట్టుకుంటాను. చూసినవాళ్ళు ముసలిదాని చాదస్తం అంటారు. అననీ, నాకేం? వాళ్ళ ఇళ్ళలో చరిచేవాళ్ళు ఉన్నారు.

ఒకప్పుడు నాకూ ఒక మనిషి ఉండేది. మొగుడి సంగతి కాదు నేను చెప్పేది. మా ఆయన, పాపం, కాపురం పట్టుమని నిలవకముందే చలిజ్వరంతో పోయాడు. కర్నూలులో తుంగభద్ర ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ వీధికి నేను కోడలిగా వచ్చేసరికే అత్తామామలు లేరు. పిల్లలు కలగలేదు. పుట్టింటివాళ్ళు వచ్చి ఏడ్చి, వండింది తిని, ధైర్యంగా ఉండమని చెప్పి వెళ్ళిపోయారు. ఆ ధైర్యం ఏ అంగట్లో దొరుకుతుందో మాత్రం చెప్పలేదు.

అప్పుడు నన్ను పట్టుకున్నది పక్కింటి ఆమె. నాకన్నా బాగా పెద్దది. ఆమె మొగుడు బళ్ళారికి పనికని పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. మా రెండిళ్ళకూ నడుమ ఒక్కటే గోడ, అదీ రొమ్మెత్తుది. ఒకనాడు ఆ గోడ మీదుగా తల పెట్టి, "ఏమ్మీ, పొయ్యి రాజేసినావా లేదా? నీ ఇంట్లో పొగే కనపళ్ళేదు" అంది.

"ఎవురి కోసరం రాజేసేదక్కా?" అన్నాను.

"నీ కడుపు కోసరం. ఇంగెవురి కోసరం? సచ్చినోళ్ళు వచ్చి సంగటి తింటారా? ఏడ్సింది సాలుగానీ లేసి ఈడికి రా" అని తిట్టింది. నాకు ఒళ్ళు మండింది. అయినా లేచి వెళ్ళాను. సంగటి ముద్దలో గుంత చేసి అందులో చేపల చారు పోసి నా ముందు తోసింది. తిన్నాను. ఆ రోజు నుంచి ఆమె నాకు అక్క, నేను ఆమెకు అమ్మీ. మిషను బడిలో నాలుగక్షరాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి పెద్దాసుపత్రిలో ఆయా పని దొరికింది. పొద్దున ఆ పని, మధ్యాహ్నం నుంచి అక్కతో చేపల పని. సాయంత్రం ఇద్దరం ఒకే కంచంలో తినేవాళ్ళం.

ఆమె పెరట్లో పొగగుంత ఉండేది. మోకాటిలోతు గుంత, చుట్టూ మట్టిగోడ, పైన వెదురు తడిక. పడవలవాళ్ళు తెచ్చిన వాలుగలనూ జెల్లలనూ పొట్ట చీల్చి కడిగి, ఉప్పు దట్టించి కుండలో అణచిపెట్టేవాళ్ళం. మర్నాడు ఉప్పునీరు వార్చి, గాలికి ఆరగట్టి, తడిక మీద పరిచేవాళ్ళం. కింద తుమ్మమొద్దుల నిప్పు. మొదట వేడి గట్టిగా తగలాలి. చేప లోపలిదాకా మగ్గిన తర్వాత నిప్పు మీద వేరుశెనగ పొట్టు చల్లి పొగ పెట్టాలి. మంట లేచిందా, పైన మాడి లోపల పచ్చిగా మిగిలిపోతుంది. కళ్ళు మండేవి. నా చీరల పొగవాసనకు ఆసుపత్రిలో రోగులు సైతం ముక్కు మూసుకునేవాళ్ళు, చచ్చేవాళ్ళకు కూడా ఎంత నాజూకో!

వేలితో కొడితే టకటకమన్నప్పుడే చేపను దింపేవాళ్ళం. మా ఎండకూ మా గాలికీ దండెం మీద వేలాడదీస్తే వానలు పడేదాకా దానికి చెడడం తెలియదు. కోడుమూరు సంతలో, నందికొట్కూరు సంతలో మెట్టపల్లెలవాళ్ళు మా చేపకోసం వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. మా చేప తిని ఎవరికీ కడుపునొప్పి కూడా వచ్చిన జాడ లేదు. ఆ మాట అక్క అందరికీ వినపడేలా అనేది. నేను కొంచెం తక్కువ గొంతుతో అనేదాన్ని.

మా వీధిలో ఒక కట్టుబాటు ఉండేది. పొగపెట్టిన చేప అమ్మకానికి పోయేముందు, కలిసి పనిచేసినవాళ్ళు అందులో ఒక చేపను విరిచి అప్పటికప్పుడు పంచుకుని తినాలి. దాన్ని పొగముక్క అనేవాళ్ళు. దాన్ని మళ్ళీ పొయ్యి ఎక్కించకూడదు, నీళ్ళలో ముంచకూడదు, ఉన్నది ఉన్నట్టు తినాలి. అన్నం లేని రోజున కూడా పొగముక్క మానరు. ఒకళ్ళు ఇచ్చిన పొగముక్క ఇంకొకళ్ళు వద్దన్నారంటే, నీ చెయ్యి మంచిది కాదు, నీతో నాకు పొత్తు లేదు అని నలుగురిలో చెప్పినట్టే. మా వీధి చివర ఇద్దరు అన్నదమ్ములు ఇలాగే విడిపోయారు, ఆ తర్వాత ఒకరి పాడె ఒకరు మోయలేదు. అక్క ఎప్పుడూ తలవైపు నాకిచ్చి తోకవైపు తను తీసుకునేది. తలవైపు కండ ఎక్కువ. నేను గొణిగితే, "నీకి కండ లేదు, నాకి పండ్లు లేవు. తిను గమ్మున" అనేది. పళ్ళు లేకేం, చెరుకు నమిలే పళ్ళు ఆమెవి.

యుద్ధం రోజుల్లో మా పెరట్లోకి మంచుపెట్టె వచ్చింది. కాలువ బంగళాలో దొరకు వండిపెట్టే బట్లరు సాయిబు దాన్ని బండిలో వేయించుకుని వచ్చాడు. పెద్ద చెక్కపెట్టె, లోపల జింకు రేకు, చెక్కకూ రేకుకూ నడుమ రంపపు పొట్టు. పై అరలో మంచుగడ్డ, కింది అరలో సరుకు. అడుగున ఒక చిన్న గొట్టం, కరిగిన నీళ్ళు పోవడానికి.

"మా దొరకి మీ చేప శానా పసందు. కట్టె మాదిరి ఉంటే మాత్రం పండ్లు ఇరుగుతాండాయంట. ఉప్పు తక్కువెయ్యండి, పొగ తక్కువ పెట్టండి. మెత్తగా ఉండాల. చెడిపోకుండా ఈ పెట్టెలో పెట్టండి. మంచు గుంతకల్లు నుంచి రైల్లో వస్తాది, నేను పంపిస్తా" అన్నాడు.

అక్కకు పట్టరాని సంతోషం. బంగళాలో తన చేప! దొరల బల్ల మీద! వీధంతా పెట్టెను చూడడానికి వచ్చింది. ఆమె మూత ఎత్తి చూపించడం, వాళ్ళు చెయ్యి పెట్టి "అబ్బా" అనడం. నాకు ఎందుకో ఆ పెట్టె నచ్చలేదు. నచ్చకపోవడానికి అప్పటికి కారణమేమీ లేదు. నాకు కొత్తవి ఏవీ ఓ పట్టాన నచ్చవు, అంతే.

"చేప తడిగా ఉంటాంది గదక్కా" అన్నాను.

"సల్లగా ఉంటాంది. నీకి మంచన్నా బయమేనా? రేపు ఎన్నెలన్నా బయపడతావు" అని నవ్వింది.

ఇక్కడ మా నీళ్ళ సంగతి చెప్పాలి, లేకపోతే ఆమె చేసిన పని ఎవరికీ అర్థం కాదు. నది ఒడ్డునే ఉన్నా, ఎండాకాలం తుంగభద్రలో మాకు కనిపించేది ఇసుకే. ఆ ఇసుకలో చెలమలు తవ్వుకుని, ఊట ఊరేదాకా కూర్చుని, చిప్పతో తోడుకునేవాళ్ళం. మొహం కడిగిన నీళ్ళు మొక్కకు, బియ్యం కడిగిన నీళ్ళు గొడ్డుకు. నీళ్ళు ఊరికే పారబోయాలంటే మా సీమలో ఎవరికీ చెయ్యి రాదు. అలాంటిది వైశాఖమాసపు ఎండలో ఆ గొట్టంలోంచి చల్లటి నీళ్ళు బొట్టుబొట్టుగా కారిపోతుంటే అక్క ఎలా ఊరుకుంటుంది? గొట్టం కింద కుండ పెట్టింది. ఆ నీళ్ళు తీసి మళ్ళీ చేపల మీదే చల్లేది, చేపల మీద కప్పిన గోనెను వాటితోనే తడిపేది.

"ఇంత సల్లని నీళ్ళు మట్టిపాలు చేసేదానికి మనసొస్తాదా అమ్మీ? మంచు ఎంత సల్లనో ఈ నీళ్ళూ అంతే సల్లన" అనేది. ఆ మాటలో తప్పేమిటో నాకూ అప్పుడు తోచలేదు.

తోచింది ఆసుపత్రిలో. రైలు స్టేషను దగ్గర ఇళ్ళలో ఉండే ఒక కుటుంబాన్ని బండిలో వేసుకుని తెచ్చారు. ఇంటిల్లిపాదికీ వాంతులూ విరేచనాలూ. వాంతిభేది అనుకుని వాళ్ళ వీధివాళ్ళు గుమ్మాలకు వేపమండలు కట్టేసుకున్నారట, బండివాడు వాళ్ళను దించి వెనక్కి తిరిగి చూడకుండా పోయాడు. మా డాక్టరమ్మ మాత్రం ఒక్కొక్కరినీ ఏం తిన్నారని గుచ్చి గుచ్చి అడిగింది. మంచులో దాచిన పొగచేప తిన్నారని తేలింది. అది మాది కాదు, ఎక్కడో పైఊరి నుంచి రైల్లో వచ్చింది. మిగిలినవాళ్ళు లేచి తిరిగారు గానీ ఆ ఇంటి పెద్దామె దక్కలేదు. ఆమె ఒళ్ళు తుడిచి పంపింది నేనే.

ఆ రోజు పని అయిపోయాక డాక్టరమ్మ చేతులు కడుక్కుంటుంటే దగ్గరకు వెళ్ళి అడిగాను. "పొగ పెట్టిన చేప గదమ్మా, మంచులో కూడా పెట్టినారంట. మళ్ళా యట్ల చెడిపోయింది?"

ఆమె విసుక్కోకుండా చెప్పింది. "కంటికి కనబడని పురుగులుంటాయమ్మా. ఉప్పు గట్టిగా పడితే అవి పెరగలేవు, తడి ఆరిపోతే పెరగలేవు. నిప్పు సెగ లోపలిదాకా తగిలితే చాలావరకు చస్తాయి. ఉత్త పొగ చేపకు పైపైనే పడుతుంది. ఉప్పూ తక్కువై, తడీ ఉండి, సెగా తగలకపోతే ఇక మంచు మీదే భారం. మంచు వాటిని చంపదు, మందగించేలా చేస్తుంది. మంచు కరిగి పెట్టె వెచ్చబడగానే మళ్ళీ లేస్తాయి. కొన్ని అయితే చల్లదనంలో కూడా మెల్లమెల్లగా పెరుగుతూనే ఉంటాయి. కరిగిన నీళ్ళు ఒక చేప పురుగును అన్ని చేపలకూ అంటిస్తాయి."

"వాసన వస్తాది గదమ్మా, తెలుస్తాది గదా?"

"రాకపోవచ్చు. అదే వచ్చిన చిక్కు. తినేముందు బాగా ఉడకబెట్టుకుంటే చాలా వరకు గండం తప్పుతుంది. అన్నిసార్లూ అదీ చాలదు."

కుండా, గొట్టమూ, అక్క చెయ్యీ కళ్ళ ముందు కనిపించాయి. ఇంటికి వెళ్ళగానే చీర కూడా మార్చుకోకుండా గోడ దగ్గర నిలబడి అంతా చెప్పాను. ఉప్పు మునుపటిలాగే వెయ్యమన్నాను. లోపలిదాకా మగ్గనిచ్చి ఆరబెట్టమన్నాను. ఆ నీళ్ళు పారబొయ్యమన్నాను. అక్క వింటూ వింటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

"కంటికి కనపడని పురుగా! కనపడకపోతే దానికి నోరుండాదని డాక్టరమ్మకు ఎవురు చెప్పినారు?"

"నవ్వొద్దక్కా. మనిషి సచ్చిపోయినాది."

"యాడిదో చేప తిని యాడిదో మనిషి సచ్చిపోతే నా పెట్టె ఏం చేసింది? నేను పుట్టినప్పటి నుంచి చేపల్లోనే ఉండా. నా చేప తిని ఒకరికన్నా ఏమన్నా అయినాదా, చెప్పు?"

కాలేదు, నిజమే. కాని అప్పటి చేప వేరు. అప్పుడు టకటకమనేది, ఇప్పుడు వేలు పెడితే దిగిపోతోంది. ఆ మాట అంటే ఆమె ముఖం మాడ్చుకుంది. నాకు ఆమెతో గొడవ పెట్టుకోవాలని లేదు. ఆ ఒక్క మనిషి తప్ప నాకు ఇంకెవరున్నారు? అందుకని ఊరుకున్నాను. ఊరుకున్నాననే గానీ, ఆ పెట్టె మూత తెరిచిన ప్రతిసారీ నా చూపు ఆ గొట్టం కింది కుండ మీదికే పోయేది.

తర్వాత ఒకసారి మంచు రాలేదు. రైళ్ళన్నీ సిపాయిల కోసం మళ్ళించారని బట్లరు సాయిబు కబురు పంపాడు. పెట్టెలో చేపలున్నాయి. ఎండ నిప్పులు కురుస్తోంది. అక్క కుండలోని నీళ్ళు చల్లుతూ, తడిగోనెలు కప్పుతూ కూర్చుంది. ఆ నీళ్ళకు ఆపాటికి చల్లదనం ఎక్కడిది? చివరికి మూడు నాలుగు రోజులకు మంచు వచ్చింది. పెట్టె మళ్ళీ జిల్లుమంది. మర్నాడు పొద్దున బంగళాకు చేపలు పంపాలి. ఆ పొద్దున నాకు ఆసుపత్రి పని లేదు. వీధి ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు కూడా పెరట్లో ఉన్నారు, తట్టలు సర్దడానికి.

అక్క పెట్టెలోంచి ఒక చేప తీసింది. పొగరంగు చక్కగానే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని, "వాసన లేదు, ఏమీ లేదు, చూడు" అని నాకు చూపించింది. నిజంగానే వాసన లేదు. పట్టుకుంటే మాత్రం చర్మం మీద జిగురు. వేలికి సాగింది. ఆమె చేపను విరిచింది. విరగలేదు, చిరిగింది. తలవైపు నా ముందుకు చాపింది.

"తీస్కో అమ్మీ."

నా చెయ్యి లేవలేదు. ఆ రైలు స్టేషను పెద్దామె నా కళ్ళలో మెదిలింది. "అక్కా, నీ కాళ్ళు మొక్కుతా. ఈ యొక్కసారి పొయ్యి మీద పెట్టుకుందాం. బాగా ఉడకనీ. అప్పుడు నీ ముందరే తింటా, రెండు ముక్కలూ నేనే తింటా" అన్నాను.

"పొగముక్కను పొయ్యి మీద పెడతారా యాడన్నా?"

"పెట్టరు. తెలుసు. మంచు లేకుండా ఇన్ని దినాలుండాది గదా చేప. నువ్వూ తినొద్దు. నా మాట ఇను."

తట్టలు సర్దేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. ఒకామె ఇంకొకామెను మోచేత్తో పొడిచింది. అక్క చెయ్యి అలాగే చాపి ఉంది. "నా చేతిలో విషముండాదా?" అంది. గొంతు పెంచలేదు. ఆమె గట్టిగా అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని, ఇద్దరం జుట్లు పట్టుకుని, సాయంత్రానికి ఒకే కంచంలో తినేవాళ్ళం. ఆమె అరవలేదు.

"నీ చేతిలో లేదక్కా. చేపలో ఉండాది" అన్నాను.

"ఈ చేప నా చేతిది కాదా?"

ఆమె తోకవైపు తిన్నది. నమిలి మింగింది. తర్వాత నా ముక్క కూడా తిన్నది, ముళ్ళు ఊసుకుంటూ, నా మొహంలోకే చూస్తూ. చేతులు కడుక్కుని తట్ట ఎత్తించుకుని బంగళాకు వెళ్ళిపోయింది. నన్ను దాటిపోతూ చీర కుచ్చెళ్ళు పక్కకు లాక్కుంది. దారిలో పెంటను దాటేటప్పుడు లాక్కున్నట్టు.

ఆ రోజంతా నేను గుమ్మంలోనే కూర్చున్నాను. ఉప్పేసి గంజి కాచి, నీళ్ళు కాచి చల్లార్చి, చెంబు పక్కన పెట్టుకున్నాను. గోడ అవతల చిన్న చప్పుడైనా చెవులు రిక్కించాను. భగవంతుడా, ఆమెకేం కాకూడదు అని మొక్కుకున్నాను. మొక్కుకుంటూనే, ఒక్క వాంతి, ఒకే ఒక్కటి అయితే చాలు, నన్ను పిలుస్తుంది కదా అని కూడా అనుకున్నాను. మనసు అట్లాంటిది, నేనేం చేసేది? సాయంత్రం ఆమె పొయ్యి రాజేసిన పొగ కనిపించింది. సంగటి కెలికే చప్పుడు వినిపించింది. మర్నాడు పొద్దున నీళ్ళకుండ నడుమున పెట్టుకుని చెలమకు వెళుతోంది, రాయిలా ఉంది మనిషి.

బంగళాలో కూడా ఎవరికీ ఏమీ కాలేదు. నేతిలో వేపుకుని తిని ఉంటారు, వాళ్ళ అదృష్టం. వీధికి అదంతా అక్కర్లేదు. నాకు 'ఆసుపత్రమ్మ' అని పేరు పెట్టారు. నేను చెలమ దగ్గరికి వెళితే, "జరగండమ్మా, పురుగులు కనపడే కండ్లు వస్తాండాయి" అని నవ్వేవాళ్ళు. పెళ్ళిభోజనంలో నా పక్కన కూర్చున్నామె ఆకు కొంచెం అవతలికి జరుపుకుంది. అక్క ఆ చేప తిన్న మర్నాడే జరిగిందంతా డాక్టరమ్మతో చెప్పాను. "తిన్న ప్రతిసారీ జబ్బు రాదమ్మా. ఒకసారి రాలేదంటే చేప మంచిదని కాదు, ఆ మనిషి అదృష్టం మంచిదని" అంది. సరే, ఆ మాట నేను ఎవరికి చెప్పుకోవాలి? నా మాట వినేవాళ్ళెవరు? నిజం చెప్పొద్దూ, నాకు ఆ పురుగుల మీదే కోపం వచ్చింది. ఎవరినెవరినో చంపుతారే, ఒక్క పూట నా పక్షాన నిలబడలేకపోయారా అని తిట్టుకున్నాను.

నేను నా పెరట్లో వేరే గుంత తవ్వుకున్నాను. ఉప్పు గట్టిగా పట్టించి, మగ్గించి, ఆరబెట్టి, పాత పద్ధతిలోనే చేశాను. నందికొట్కూరు సంతలో ఆమె ఒక చివర, నేను ఒక చివర. బండిలో వెళ్ళేటప్పుడు కూడా ఆమె ముందు బండి, నేను వెనక బండి. నా గుంత దగ్గర పొగముక్క పంచుకోవడానికి ఎవరూ లేరు. ఒక్కదాన్నే విరుచుకుని, ఒక్కదాన్నే తినేదాన్ని. పండగలు వచ్చాయి, పోయాయి. ఒకసారి నాకు జ్వరం వచ్చి పడుకుంటే గోడ అవతల ఆమె అడుగులు గోడదాకా వచ్చి ఆగాయి. కొంచెంసేపు నిలబడి వెనక్కి వెళ్ళిపోయాయి. పిలిస్తే వచ్చేదేమో. నేను పిలవలేదు. నాకు మాత్రం రోషం లేదూ?

అలా ఒక ఏడాది దాటింది. మళ్ళీ ఎండాకాలం. ఒక మధ్యాహ్నం నేను ఆసుపత్రిలో పక్కదుప్పట్లు మారుస్తుంటే, మా వీధివాళ్ళే ఒక మంచాన్ని మోసుకుంటూ వచ్చారు. మంచంలో అక్క. కళ్ళు లోపలికి పోయి, పెదవులు పగిలి, గోళ్ళు నీలిరంగుకు తిరిగి ఉన్నాయి. మోసుకొచ్చినవాళ్ళు వాంతిభేది అని చెప్పి గబగబా చేతులు కడుక్కోవడానికి పోయారు. నేను దుప్పటి అక్కడే పడేసి మంచం దగ్గరికి పరుగెత్తాను.

డాక్టరమ్మ నరంలోకి ఉప్పునీళ్ళు ఎక్కించడం మొదలుపెట్టి, అలవాటు ప్రకారం అడిగింది. "ఏం తిన్నావమ్మా?"

అక్క కళ్ళు తెరిచింది. మంచం కాళ్ళవైపు నిలబడ్డ నన్ను చూసింది. "సంగటి" అంది.

"సంగటిలోకి?"

"ఉల్లిగడ్డ కారం."

"చేప తినలేదా?"

"లేదు."

డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. నిజం తెలియాలి, లేకపోతే వాంతిభేది అని ఊరి బావులన్నీ మూయించాలి, వీధిని వెలివేసినట్టు కట్టడి చేయాలి. చేప అయితే మిగతా చేప ఎక్కడుందో వెతికి పాతిపెట్టాలి. అక్క మళ్ళీ అదే మాట చెప్పింది. చెబుతున్నంతసేపూ నా మొహంలోకే చూసింది, ఆనాడు నా ముక్క తిన్నప్పుడు చూసినట్టే. అప్పుడు నాకు అర్థమయింది. నేను అక్కడ ఉన్నంతసేపు ఆమె నోట చేప అనే మాట రాదు. ప్రాణం పోయినా రాదు. ఏడాదిగా ఆమె వాకిలి తొక్కని నేను ఏం తిన్నదో చెప్పలేను, తనే చెప్పాలి.

నేను బకెట్టు తీసుకుని, పని ఉన్నదానిలా, వరండాలోకి వెళ్ళిపోయాను. అక్కడ గోడకు ఆనుకుని కూర్చున్నాను. చెవులు మూసుకుందామా అనిపించింది. చెప్పక్కా, నేను లేను, చెప్పు అని లోపల లోపలే అనుకున్నాను. కాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి జవానును కేకవేసింది. "వీళ్ళ వీధిలో మంచుపెట్టె ఉందట. అందులో చేప సాయంత్రం బంగళాకు పోతుందట. పరుగెత్తు. అంతా సున్నంపోసి పాతిపెట్టండి" అంది. నా వైపు తిరిగి, "నువ్వు వెళ్ళాకే చెప్పింది" అని మాత్రం అంది.

అక్క బతికింది. దేవుడున్నాడు, బతికింది. బంగళాలో ఎవరూ ఆ చేప తినలేదు. వీధిలో నన్ను ఆసుపత్రమ్మ అనడం మానేశారు. ఎగతాళి చేసిన ఆడవాళ్ళే వచ్చి, "నువ్వు అప్పుడే చెప్పినావు గదమ్మా" అన్నారు. ఛీ, పొండి అన్నాను. మంచంలో ఆమె గోడవైపు తిరిగి పడుకునేది. నేను గంజి పట్టుకెళితే కళ్ళు మూసుకునేది, ఇంకో ఆయా ఇస్తే తాగేది. పోనీ, ఎవరిచ్చినా కడుపులోకి పోతే చాలనుకున్నాను. ఇంటికి వస్తుంది కదా, పక్కిల్లే కదా, ఎన్నాళ్ళుంటుంది ఈ పంతం? గోడ మీదుగా నేనే మొదట తల పెడతాను, తిడితే పడతాను అనుకున్నాను. ఆమె ఇల్లు ఊడ్చి అలికాను. నీళ్ళు తెచ్చి కుండలు నింపి పెట్టాను.

మర్నాడు పొద్దున ఆసుపత్రికి వెళ్ళేసరికి మంచం ఖాళీగా ఉంది. ఇంకో ఆయా నా మొహం చూసి, "బయపడొద్దు, బాగానే ఉండాది. వాళ్ళ తమ్ముడంట, రాజంపేట నుంచి వచ్చినాడు. పొద్దున్నే రైలుకు పిల్సుకొని పోయినాడు" అంది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా గుమ్మం తొక్కని తమ్ముడు. ఆమె ఎన్నడూ వాడి పేరు తలవలేదు. ఎవరితోనో కబురు పెట్టించి తనే పిలిపించుకుందట.

"ఇంటికి పోయి గుడ్డలన్నా తెచ్చుకోలేదా?" అన్నాను.

"తెచ్చుకోమంటే వద్దనె. ఆ వీధిలోకి రాననె."

"నాకేమన్నా చెప్పిందా?"

"'అది చెప్పిందే నిజమాయె. ఇంగ దాని మొకం యట్ల చూసేది నేను' అనె" అంది.

నేను ఆ ఖాళీ మంచం మీది దుప్పటి తీసి ఉతకడానికి వేశాను. పని చేసుకున్నాను. సాయంత్రం ఇంటికి వచ్చాను. అలికిన వాకిలి అలాగే ఉంది, ఒక్క అడుగు పడలేదు. ఆ తర్వాత రాజంపేట వైపు నుంచి ఎవరు వచ్చినా అడిగాను, ఎవరికీ తెలియదన్నారు. డాక్టరమ్మ చెప్పింది నిజమే, నేను చెప్పిందీ నిజమే. ఆ నిజం నాకెందుకు? నా మాట అబద్ధమే అయి, వీధంతా నన్ను చూసి నవ్వుతూనే ఉండి, ఆమె నాతో మాట్లాడకుండానైనా సరే పక్కింట్లో ఉండి ఉంటే నాకు అదే చాలు.